గ్రామసభలో లేచి నిలబడే ముందు

"ఇంకా ఎవరన్నా మాట్లాడుతరా?" అని కార్యదర్శి అడగ్గానే గ్రామసభలో అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకుంటారు. మోరీ పొంగి బోరింగు చుట్టూ మురికి నిలిచిన వాడకట్టు వాళ్లు కూడా ఆ మందిలోనే ఉంటారు. పొద్దున బోరింగు కాడ, రాత్రి అరుగుల మీద తిట్టుకునేది వాళ్లే. ఆ ఒక్క నిమిషం మాత్రం గొంతు పెగలదు. రిజిస్టరు చేతులు మారుతుంది, సంతకాలు పడతాయి, సభ అయిపోతుంది. ఇంటికొచ్చాక మళ్లీ అదే తిట్టు.

నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఊరి కోసం ఏదన్నా చేయాలని ఉండి, మొదటి అడుగు దగ్గరే ఆగిపోయిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆ మౌనం సంగతి చూద్దాం. 1968లో బిబ్ లాతానే, జాన్ డార్లీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఫారం నింపమని మనిషిని ఒక గదిలో కూర్చోబెట్టి, గోడ సందులోంచి లోపలికి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి పొగ వస్తోందని చెప్పారు. ఏమీ పట్టనట్టు నటించే ఇద్దరిని పక్కన కూర్చోబెట్టినప్పుడు, చెప్పినవాళ్లు 10 శాతమే. కళ్లు మండుతున్నా, పక్కవాళ్లు కదలడం లేదు కాబట్టి ఇది ప్రమాదం కాదేమో అనుకుని కూర్చున్నారు. మన గ్రామసభలో జరిగేదీ ఇదే. కాబట్టి నోరు లేవనివాళ్లను పిరికివాళ్లని అనకండి, మిమ్మల్ని మీరూ అనుకోకండి. మీరు లేచిన వెంటనే లేచే ఇంకో మనిషి ఉంటే చాలు. ఆ మనిషితో మాట సభకు ముందురోజే ఖాయం కావాలి. "అక్కా, రేపు నేను లేచి మోరీ సంగతి అడుగుత. నువ్వు ఎంబడే 'మాది గదే బాధ' అను, సాలు." ఆ అక్క అంతకన్నా ఎక్కువ మాట్లాడనక్కర్లేదు.

ఇక భయం. ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, ఊళ్లో భయం నాలుగైదు రకాలు. ఎరువుల దుకాణంలో ఉద్దెర ఉంటుంది, ఆ దుకాణం సర్పంచ్ బామ్మర్దిది. దుక్కికి ట్రాక్టరు రావాలన్నా, పక్క బోరు నుంచి రెండు తడుల నీళ్లు కావాలన్నా ఫలానా ఇంటికే పోవాలి. బిడ్డ పెళ్లి సంబంధం ఆ చుట్టంలోనే నడుస్తుంటుంది. పింఛను ఎక్కడ ఆగుతుందో అని ముసలమ్మ బెంగ. "తప్పు రాస్తే సార్లు నవ్వుతరు" అనే జంకు ఒకటి. ఆడవాళ్లకు వీటన్నిటి మీద "ఇంటాయన ఏమంటడో" ఒకటి. "బాంచన్, నీ కాల్మొక్త" అనక తప్పని రోజులు మన తాతల కాలానివే. ఆ ఒదుగుడు ఇంకా మన వెన్నులో ఉందంటే అందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఒక కాగితం మీద అడ్డంగా మూడు గడులు గీయండి. మొదటి గడిలో "ఏం జరుగుతుందని భయం", రెండో దాంట్లో "ఎవరి వల్ల", మూడో దాంట్లో "ముందే ఏం చేసుకోవాలి". ఉద్దెర ఉన్న మనిషి ముందు వరుసలో నిలబడకూడదు. అతను టేపు పట్టి కొలతలు తీయొచ్చు, ఫొటోలు తీయొచ్చు, రాతపని చేయొచ్చు. కాగితం పట్టుకుని ముందు నడిచేది ఎవరికీ బాకీ లేని మనిషి కావాలి: రిటైరైన టీచరు, పట్నంలో కొలువు చేస్తూ వారానికోసారి ఊరికొచ్చే పిల్లగాడు, మహిళా సంఘంలో లెక్కలు రాసే ఆమె. అందరూ ఒకే రకం ధైర్యం చూపాలని పట్టుబట్టిన చోటే గుంపులు విరిగిపోతాయి. ఎవరికి ఎంత ప్రమాదమో చూసి పని పంచితే నిలుస్తాయి.

సంతకాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. వరుసగా సంతకాలు పెడితే మొదటి పేరు ఎవరిదో వాళ్లే నాయకుడని ఊరు అనుకుంటుంది. ఒత్తిడి అంతా ఆ ఇంటి మీద పడుతుంది. అందుకే మొదటి గీత దగ్గర అందరూ వెనక్కి జరుగుతారు. దీనికి పాత ఉపాయం, సంతకాలు గుండ్రంగా పెట్టడం. దరఖాస్తు వెనక పేజీలో పళ్లెం పెట్టి గుండ్రం గీసి, దాని చుట్టూ సూర్యకిరణాల్లా పేర్లు రాయాలి. ప్రతి పేరు పక్కన ఇంటి నంబరు, ఫోను, సంతకమో వేలిముద్రో. వేలిముద్ర అయితే పక్కనే పేరు రాసి, చదివి వినిపించినవాళ్లు కూడా సంతకం చేయాలి. "నాకు ఏం రాసిన్రో తెల్వదు" అనే మాట తర్వాత రాకుండా ఉండేది దీంతోనే. పేజీ పైభాగంలో దరఖాస్తు విషయం ఒక్క వాక్యంలో మళ్లీ రాయండి. లేకపోతే ఆ సంతకాల పేజీని వేరే కాగితానికి అంటించే వీలుంటుంది. ఖాళీ కాగితం మీద సంతకాలు ఎప్పుడూ తీసుకోవద్దు, ఇవ్వొద్దు.

సంతకాలు ఎన్ని కావాలి? వందలు అక్కర్లేదు. సమస్య ఉన్న 22 ఇళ్లలో 15 ఇళ్ల సంతకాలుంటే, ఊరంతా తిరిగి తెచ్చిన 200 కన్నా బరువు. విచారణకు వచ్చిన అధికారి పేరు పిలిస్తే ఆ మనిషి గడప దాటి వచ్చి "అవును సార్" అనాలి. పాలమూరు వైపు అయితే వలసపోయే కాలం చూసుకోండి. ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయినవాళ్ల సంతకాలు కాగితం మీద ఉన్నా, విచారణ రోజు మనిషి ఉండడు.

ఇప్పుడు అసలు విషయం, ఏం అడగాలన్నది. ఇక్కడ అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిని తలచుకోవాలి. 1951 ఏప్రిల్ 18న గాంధీ శిష్యుడు వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు దళితవాడలోని కుటుంబాలు భూమి కావాలన్నాయి. ఎంత కావాలని అడిగితే 80 ఎకరాలన్నారు: తరి (నీళ్లు పారే పొలం) 40, ఖుష్కి (మెట్ట) 40. ఆ లెక్క విన్నాక ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నాడు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా చల్లారని జిల్లాలో, దొరల ముందు తల ఎత్తడమే కష్టమైన కాలంలో, వాళ్ల నోట అంకె వచ్చింది. "మమ్మల్ని ఆదుకోండి" అని ఉంటే ఆదరణ మాటలు దొరికేవి, అంతే. అంకె చెప్తే ఎదుటి మనిషి అవునో కాదో చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు అక్కడ మొదలైన భూదానోద్యమం మిగిల్చిన ఇంకో పాఠం కూడా చెప్పుకోవాలి. భూదాన భూముల తగాదాలు ఈనాటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి. సభలో వచ్చిన మాట రికార్డులోకి ఎక్కేదాకా వెంటపడాలి.

కాబట్టి "మా వాడలో మురుగు సమస్య తీర్చగలరు" అని రాయకండి. ఇట్లా రాయండి: "4వ వార్డులో అంగన్‌వాడీ నుంచి బోరింగు వరకు 60 మీటర్ల మోరీలో 3 చోట్ల గోడ కూలింది. జూన్ నుంచి మురుగు బోరింగు అరుగు మీదికి వస్తున్నది. 22 ఇళ్లవాళ్లు ఆ నీళ్లే వాడుతున్నారు. ఇంజనీరుకు స్థలం చూపించి, మరమ్మతు అంచనా వేయించి, 30 రోజుల్లో మాకు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం." పైన తేదీ, ఎవరికి, విషయం. కింద జతచేసినవి: 3 ఫొటోలు, చేత్తో గీసిన స్థలం పటం, సంతకాల పేజీ. మొత్తం ఒక పేజీ దాటొద్దు. ఒక దరఖాస్తులో ఒకే సమస్య. మోరీ, వీధిలైటు, రేషను, శ్మశానం దారి అన్నీ కలిపి రాస్తే నాలుగు శాఖల మధ్య తిరిగి ఎక్కడా ఆగదు. ఎవరి మీదా ఆరోపణ వద్దు. "ఫలానాయన పైసలు తిన్నడు" అని రాస్తే దరఖాస్తు కాస్తా తగాదా అవుతుంది. రుజువు చేయాల్సిన బరువు మీ మీద పడుతుంది.

నీళ్ల మీద అనుమానం ఉంటే పరీక్ష చేయించి ఆ నివేదిక జతచేయండి. ఫ్లోరైడ్ ఎముకలు వంచిన నల్లగొండ జిల్లాకు ఈ సంగతి కొత్తగా చెప్పాల్సింది కాదు: తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దానికోసం లీటరు ప్లాస్టిక్ సీసా వాడాలి. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది కాబట్టి గాజు సీసా వద్దు. బోరింగు రెండు మూడు నిమిషాలు కొట్టి పాత నీళ్లు పోనిచ్చి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి నింపండి. మీద ఊరు, బోరింగు ఉన్న చోటు, తేదీ, టైము రాయండి. మురుగు కలిసిందేమో చూడాలంటే పద్ధతి వేరు. ల్యాబ్ ఇచ్చే శుద్ధిచేసిన సీసాలోనే పట్టి, ఐసు మీద పెట్టి, అదే రోజు చేర్చాలి. ఎండలో బస్సు సీటు కింద సాయంత్రం దాకా ఉన్న సీసా ఫలితం ఎవరూ నమ్మరు. జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్ ఉంటుంది.

దరఖాస్తు మొదట పంచాయతీలో ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో "అందినది" అని ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే గొడవపడొద్దు. పోస్టాఫీసుకు పోయి రసీదు వచ్చే పద్ధతిలో పంపండి. రెండు వారాలు చూసి కదలిక లేకుంటే సోమవారం కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి పోండి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు అది నడవదు, కనుక్కుని పోండి. ఇద్దరు పోతే చాలు. గుంపుగా పోతే పదిమందికి పదిరోజుల కూలి పోతుంది, మూడోసారికి ఎవరూ రారు. ఆ ఇద్దరి కూలి, బస్సు చార్జీ అందరూ వేసుకోవాలి. ముందుగా పోయి కౌంటరులో నమోదు చేయించి, రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావొద్దు. కలెక్టరు ముందు నిలబడ్డప్పుడు కాళ్లు వణకడం మామూలే. అందుకే దరఖాస్తులోని మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చేలా పెట్టుకోండి, మిగతాది కాగితం చెప్తుంది.

ఇక్కడ చాలామంది మనసు విరిగే సంగతి ఒకటుంది. కలెక్టరుకు ఇచ్చిన కాగితం జిల్లా అధికారికి, అక్కణ్నుంచి మండలానికి, చివరికి మీరు ఎవరి మీద అడిగారో ఆ పంచాయతీ బల్ల మీదికే తిరిగొస్తుంది. "నా మీదనే పైకి పోయిన్రా" అని ఫోను వస్తుంది. దీన్ని మోసం అనుకోకండి, ఆఫీసుల్లో కాగితం నడిచే దారే అది. అయితే ఆ ఫోను వస్తుందని గుంపులో అందరికీ ముందే చెప్పి పెట్టాలి. జవాబు కూడా అందరిదీ ఒకటే కావాలి: "మీ మీద కాదు సార్, మోరీ మీద ఇచ్చినం. మీరు చేయిస్తే మీకే మంచి పేరు." తెలియకుండా ఆ ఫోను ఎత్తినవాళ్లు బెదిరి సంతకం వెనక్కి తీసుకుంటారు. ముందే తెలిసినవాళ్లు నిలబడతారు.

నెల దాటితే సమాచార హక్కు చట్టం, 2005. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద రికార్డులో ఉన్నదే అడగాలి. "ఫలానా తేదీన, ఫలానా నంబరుతో ఇచ్చిన దరఖాస్తుపై తీసుకున్న చర్యల నకలు, గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో 4వ వార్డు మురుగు కాల్వలకు చెల్లించిన బిల్లుల నకళ్లు, ఎంబీ రికార్డు నకలు" అని అడగండి. ఎంబీ అంటే చేసిన పని కొలతలు ఇంజనీరు రాసే పుస్తకం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదని సెక్షన్ 6(2) అంటుంది. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది.

భయం ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతి ఏమంటే, ఈ దరఖాస్తు భారత పౌరులెవరైనా వేయొచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లే వేయాలని లేదు. హైదరాబాదులో ఉన్న మేనల్లుడి పేరుతో, అక్కడి చిరునామాతో వేస్తే సమాధానం అక్కడికే వస్తుంది. అయితే ఇది సంఘం పేరుతో కాకుండా ఒక మనిషి పేరుతో ఉండాలి.

మంది ఉంటే ఎంత పని అవుతుందో చూడాలంటే నల్లగొండకు ఇంకో లెక్క ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది పోటీచేశారు. మంచినీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద, ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని వందలమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అప్పట్లో డిపాజిట్టు 500 రూపాయలు. ఆ ఏడాదే చట్టం మార్చి 10,000 చేశారు. అందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఏమంటే, ఒక్కొక్కరి నుంచి కోరిన పని చిన్నది. ఫారం నింపాలి, డిపాజిట్టు కట్టాలి. ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, గెలవనక్కర్లేదు. ఒక్కరే వేస్తే ఊరు నవ్వేది, వందలమంది వేస్తే ఢిల్లీ తిరిగి చూసింది. మీ ఊళ్లో పని పెట్టుకున్నప్పుడు కూడా ఒక్కొక్కరి వంతు అంత చిన్నగా, అంత స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. "నువ్వు కూడా రావాలె" అంటే ఎవరూ రారు. "నువ్వు బుధవారం రాత్రి టేపు పట్టుకొని రా, అరగంట పని" అంటే వస్తారు.

గ్రామసభకు తిరిగొద్దాం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇది రెండు నెలలకోసారి జరగాలి. చాటింపు ఎప్పుడు వేశారో రాసిపెట్టుకోండి. రిజిస్టరు ముందే తిప్పి సంతకాలు తీసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. మీ వాడకట్టు వాళ్లు తీర్మానం రాసి చదివాకే సంతకం పెట్టాలని ముందే అనుకోండి. ఆడవాళ్లు చివర గోడ పక్కన నిలబడితే మాట ముందుకు చేరదు. నలుగురైదుగురు కలిసి మధ్యలో కూర్చోండి. అడిగేది అర నిమిషం మించొద్దు: సమస్య ఒక వాక్యం, ఎంతమందికో ఒక వాక్యం, ఏం కావాలో ఒక వాక్యం. "ఈ సంగతి తీర్మానంలో రాయండి, నంబరు చెప్పండి" అన్నది నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎవరైనా అడ్డం మాట్లాడితే జవాబు ఇవ్వకుండా నాలుగో వాక్యమే మళ్లీ చెప్పండి. కోపం తెప్పించి మాటజారేలా చేయడం పాత ఎత్తు. మాటజారితే మర్నాటి నుంచి ఊళ్లో మోరీ సంగతి ఉండదు, మీ నోటి సంగతే ఉంటుంది.

వాట్సాప్‌లో జాగ్రత్త. ఊరి గ్రూపులో పేర్లు పెట్టి తిట్టడం వల్ల అయ్యే పని ఏమీ లేదు, పరువునష్టం కేసుకు మాత్రం సాక్ష్యం మీరే రాసిచ్చినట్టవుతుంది. దరఖాస్తు ఫొటో పెట్టేటప్పుడు సంతకాల పేజీ పెట్టొద్దు.

బెదిరింపు నిజంగానే వస్తే? తేదీ, సమయం, చోటు, అన్న మాటలు, విన్నవాళ్ల పేర్లు అదే రోజు నోటుబుక్కులో రాయండి. ఫోనులో వస్తే కాల్ వివరం తుడపొద్దు. ఠాణాకు ఒంటరిగా పోవద్దు, రాసిన ఫిర్యాదు రెండు కాపీలతో పోండి. నేరం జరిగిందని చెప్పినా ఎఫ్ఐఆర్ రాయకపోతే, అదే ఫిర్యాదు పోస్టులో ఎస్పీకి పంపే దారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ఇస్తుంది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను ఠాణాకు పిలవకూడదు, వాళ్లున్న చోటికే పోలీసులు రావాలి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నీళ్లు, కిరాణా, కూలి బంద్ చేయడం వంటి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి విచారించాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది, ఫోను 15100. ఈ నంబరు దరఖాస్తు ఇవ్వకముందే అందరి ఫోన్లలో ఉండాలి. అవసరం పడ్డ రాత్రి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంత దూరం ఇప్పుడే రాలేనివాళ్లూ ఉంటారు. వాళ్లకు పేరు బయటపడని పనులున్నాయి. బాల్య వివాహం జరగబోతోందని తెలిస్తే పిల్లల సహాయ ఫోను 1098కి చెప్పండి. చెప్పినవాళ్ల వివరాలు బయటపెట్టరు. ఊరు, ఇల్లు, ముహూర్తం తేదీ, పిల్ల చదివిన బడి పేరు చెప్పాలి. పుట్టిన తేదీ బడి రికార్డులోనే దొరుకుతుంది. రెండు మూడు రోజుల ముందు చెప్తే ఆపగలుగుతారు, తలంబ్రాలప్పుడు చెప్తే చాలా కష్టం. జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే మీదో, చౌటుప్పల్, నకిరేకల్ మధ్య 65 మీదో దెబ్బతగిలిన మనిషి కనిపిస్తే ఆసుపత్రికి చేర్చండి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సెక్షన్ 134ఎ మీకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పాలని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. ఇట్లాంటి పని ఒకటి చేసిన చేయి తర్వాత సంతకానికి అంతగా వణకదని నా నమ్మకం.

చివరగా పైసల సంగతి. నా దృష్టిలో ఊరి గుంపులను భయం కన్నా ఎక్కువగా పైసల అనుమానమే చీల్చింది. ఇంటికి 20 రూపాయలు చాలు: జిరాక్సు, ఫొటోలు, పోస్టు ఖర్చు, బస్సు చార్జీ, ఇద్దరి కూలి. ఎవరో ఒక పెద్దమనిషి "ఖర్సంత నాది" అంటే దండం పెట్టి వద్దనండి, తర్వాత పనంతా ఆయన పేరు మీద పోతుంది. పైసలు ఒకరి దగ్గర, లెక్క పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. కూర్చున్న ప్రతిసారీ మొదటి ఐదు నిమిషాలు లెక్క చదవాలి. కూర్చోవడం రాత్రి అన్నాలు తిన్నాక, ఎవరి ఇంట్లోనో కాకుండా గుడి అరుగు మీదో, బడి కాంపౌండులోనో, అన్ని కులాల వాళ్లూ వచ్చి కూర్చోగలిగే చోట పెట్టాలి. గుడి అరుగు మీద అందరికీ చోటు లేని ఊరైతే బడే నయం. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు కబురు పెట్టొద్దు, పదిలో ఇద్దరొస్తారు, ఆ ఇద్దరికీ నీరసం వస్తుంది.

మోరీ బాగుచేయడానికి మనుషులొచ్చిన రోజు కూడా టేపు పట్టుకుని పోండి. 60 మీటర్లు రాసి 40 కట్టి పోవడం జరుగుతుంది. ఎంబీలో రాసింది, నేల మీద ఉన్నది ఒకటేనా అని పక్కనుండి కొలిచి, తేదీ వేసి, అదే లెక్క పుస్తకంలో రాయండి.